ఒక్కమాటంగడిలో బేరం

బేరమాడే విద్యనంతా ఎదుటి పక్షానికి ఉచితంగా నేర్పిన మనిషి చిత్తూరు బజారువీధిలో నాకు ముందు లేరు, నా తరువాత పుట్టబోరు. మా వీధిలో తండ్రి కొడుక్కి నేర్పేటప్పుడే సగం దాచుకుంటాడు. నేను పదకొండు మధ్యాహ్నాలు పనిగట్టుకుని వెళ్ళి, అంగడి బల్లకు అవతలి వైపు నిలబడే మనిషికి ఒక్క కిటుకు కూడా దాచకుండా చెప్పేశాను. తాంబూలం కూడా పుచ్చుకోలేదు. ఇలాంటి తెలివితక్కువ పని చేయాలంటే అంతో ఇంతో గొప్పతనం ఉండాలి. నాకు ఉంది.

మా నాయనది బెల్లం మండీ. ఎదురుగా మా చిన్నాయనది పాత్రల అంగడి. ఇంటికి ఆ పక్క గుడ్డలంగడి, ఈ పక్క ఎండుమిరపకాయల అంగడి. పలక మీద అక్షరాలు దిద్దే వయసుకే నాకు తెలిసిపోయిన సంగతి ఏమంటే, ధర అనేది అంకె కాదు, సంభాషణ. ఒకరు మొదలుపెట్టాలి, ఇంకొకరు నొచ్చుకోవాలి. మధ్యలో పిల్లల యోగక్షేమాలు అడిగి మళ్ళీ నొచ్చుకోవాలి. చివరకు ఇద్దరూ నష్టపోయినట్టు ముఖాలు పెట్టుకుని విడిపోవాలి. అది మర్యాద. అడిగిన ధర ఇచ్చేసి పోయేవాడిని చూస్తే మా వీధిలో జాలిపడేవాళ్ళు. ఇంట్లో మాట్లాడే దిక్కు లేదేమో పాపం అనుకునేవాళ్ళు.

నేను గాజులవాడితో బేరమాడాను, కాంపౌండరుతో బేరమాడాను. నా పెళ్ళికి ముహూర్తం పెట్టడానికి వచ్చిన పురోహితుడితో బేరమాడి దాన్ని గంటన్నర ముందుకు జరిపించానని మా ఇంటాయన ఇప్పటికీ కోర్టులో తోటి గుమాస్తాలకు చెబుతుంటాడు. గంటన్నర కాదు, ముప్పావుగంటే. ఆయనకు లెక్కలు రావు.

అలాంటి నన్ను ఓడించిన అంగడి ఒకటుండేది.

మద్రాసులో పుట్టి, వేలూరు మీదుగా మా జిల్లాలోకి వచ్చిన పెద్ద అంగళ్ళ వరస అది. చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి, పలమనేరులో చిన్నది ఒకటి, ఇంకా ఎక్కడెక్కడో. అన్నిటికీ ఒకే పచ్చరంగు తలుపులు, ఒకే తీరు బోర్డు. కంపెనీ పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది, మాకు నోరు తిరిగేది కాదు. దాని కింద తెలుగులో ‘ఒకే మాట, ఒకే ధర’ అని రాసి ఉండేది. అందుకని ఊరంతా దాన్ని ఒక్కమాటంగడి అనేది.

డెబ్బయ్యో దశకం మొదట్లో ఆ అంగడిలోకి అడుగుపెడితే ఇంకో దేశంలోకి వెళ్ళినట్టుండేది. సబ్బు నుంచి సూట్‌కేసు దాకా, స్వెటర్ల నుంచి గోడ గడియారాల దాకా అన్నీ ఒకే కప్పు కింద. అద్దాల బీరువాల్లో లోపల దీపాలు. ఎర్రటి గచ్చు, అందులో తిరుగుతున్న ఫంకాల నీడలు. అన్నిటికంటే వింత, డబ్బు తీసుకునే పద్ధతి. మనం ఇచ్చిన నోటును, బిల్లును ఒక చెక్క డబ్బీలో పెట్టి, పైన కట్టిన తీగ మీద ఒక్క తోపు తోసేవాళ్ళు. అది సర్రున జారుకుంటూ మూలనున్న గల్లా దగ్గరికి పోయి, చిల్లరతో మళ్ళీ సర్రున వచ్చేది. పెళ్ళి బట్టలకని పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు, పని అయిపోయాక కూడా ఆ డబ్బీని చూస్తూ ఇంకో అరగంట నిలబడేవాళ్ళు.

చీటీ మీద రాసిన ధర ఇస్తే వస్తువు మీది. లేకపోతే కాదు. సంభాషణ లేదు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా నాయన కోసం ఒక ఫ్లాస్కు కొనడానికి వెళ్ళాను. బల్ల వెనుక నామం పెట్టుకున్న సన్నటి మనిషి ఉన్నాడు. తిరుపతిలో కోవెల కైంకర్యం చేసుకునే కుటుంబం ఆయనది. అన్నదమ్ములు గుడికి వెళితే ఈయన అంగడికి వచ్చాడు. ఊరివాళ్ళంతా స్వామీ అని పిలిచేవాళ్ళు. ఫ్లాస్కు ఇరవై ఏడున్నర. ఇరవైకి అడిగాను. “ఇరవై ఏడున్నరమ్మా” అన్నాడు. ఇరవై రెండన్నాను. “ఇరవై ఏడున్నరమ్మా.” మొదటిసారి ఎంత మెత్తగా చెప్పాడో రెండోసారీ అంతే. కోపం లేదు, విసుగు లేదు, కనీసం నొచ్చుకోవడం కూడా లేదు. ఫ్లాస్కులో మూత దగ్గర గీత ఉందన్నాను. ఆయన అద్దాలు సవరించుకుని చూసి, అవునని ఒప్పుకుని, ఇంకో ఫ్లాస్కు తెచ్చాడు. ఇరవై ఏడున్నరకే.

ఇక నా చివరి అస్త్రం తీశాను. లేచి బయటికి నడిచాను. మా వీధిలో కొనేవాళ్ళు మూడో మెట్టు దిగేలోగా అంగడివాడు వెనక్కి పిలవాలి. పిలవకపోతే వాడికి వ్యాపారం రాదని అర్థం. ఆ అంగడికి ఆరు మెట్లున్నాయి. నేను ఆరూ దిగాను, నిదానంగా. వీధి మలుపు దాటాను. బస్టాండు దగ్గర చెరుకురసం బండి దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడ్డాను, ఒకవేళ ఆయనకు నడక ఆలస్యమేమోనని. ఎవరూ రాలేదు. మళ్ళీ వెళ్ళి ఇరవై ఏడున్నర ఇచ్చి తెచ్చుకున్నాను. ఫ్లాస్కును కాగితంలో చుడుతూ ఆయన, “ఎండన పడి పోయి వచ్చినారే అమ్మా” అని నిజంగానే బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున ఆ స్వామే మా మండీకి వచ్చాడు. ఆ నెల ఒకటో తేదీ నుంచి ఫ్లాస్కు ధర ఇరవై ఆరుంపావలాకు తగ్గిందట. పాత చీటీ చూసి ఎక్కువ తీసుకున్నాడట. రూపాయింపావలా మా నాయన ముందున్న బల్ల మీద పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. మా నాయన ఆ చిల్లర వైపు చాలాసేపు చూశాడు.

“అడక్కుండానే వెనక్కిచ్చినాడు” అన్నాడు. “ఈ అంగడి శానా దినాలు ఉండదు పాపా.”

మా నాయన మాట నిజం కావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

మొదట పలమనేరులోది మూతపడింది. చిన్నది కదా అనుకున్నాం. తరువాత తిరుపతిలోది మూసి, గోడలు అడ్డం కట్టి, కొండకు వచ్చేవాళ్ళ కోసం లాడ్జి చేశారు. కంపెనీ పెద్దాయన పోయాడని, కొడుకులు పంచుకున్నారని, ఒకాయనకు అంగళ్ళ మీద, ఇంకొకాయనకు స్థలాల మీద ఆసక్తి అని స్వామి చెప్పాడు. ఈలోగా మద్రాసు హార్బరు పక్క సందుల నుంచి విదేశీ ఫ్లాస్కులు సంచుల్లో వచ్చి మా వీధుల ప్లాట్‌ఫారాల మీద కూర్చున్నాయి. వాటికి ఒకే మాట లేదు. నలభై చెప్పి పద్దెనిమిదికి ఇచ్చేవాళ్ళు. కొన్నవాడు ఇరవై రెండు మిగిలాయని ఇంట్లో చెప్పుకునేవాడు. ఒక్కమాటంగడిలో పదహారుకే దొరికినా, అక్కడ మిగిలినట్టు చెప్పుకోవడానికి ఏముంది?

చిత్తూరు అంగడిలో ముందు బీరువాల దీపాలు ఆరిపోయాయి. గల్లా మనిషిని తీసేయడంతో తీగ మీద డబ్బీ ఆగిపోయింది. ఇరవై మందికి పైగా ఉన్న మనుషులు నలుగురయ్యారు. అరల్లో సరుకు తగ్గేకొద్దీ స్వామి ఖాళీ అట్టపెట్టెలను ముందుకు పేర్చి నిండుగా చూపేవాడు. నాకు పెళ్ళై, బజారువీధిలోనే కాపురం పెట్టి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్ళే రోజులవి. అప్పటికీ ఏడాదికి రెండుసార్లు వెళ్ళి ఒక రూపాయి తగ్గించమని అడిగి, ఓడిపోయి, కొనుక్కుని వచ్చేదాన్ని. అదొక మొక్కు లాంటిది నాకు.

ఒక వేసవిలో అలా వెళితే, నా ముందు ఒక లాడ్జి యజమాని టేబుల్ ఫంకా ఒకటి చూస్తున్నాడు. చీటీ మీద రెండు వందల పది. ఆయన తమాషాకి అరవై అన్నాడు. స్వామి తలూపి బిల్లు రాసేశాడు.

నా చెవులను నేను నమ్మలేదు. లాడ్జాయన కూడా నమ్మలేదు, ఎక్కడైనా చెడిపోయిందేమోనని ఫంకాను రెండుసార్లు వేసి చూసుకుని పట్టుకుపోయాడు. ఆయన మెట్లు దిగాక స్వామి నాకు మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరం చూపించాడు. నెలాఖరుకు ఈ బ్రాంచి మూసేస్తారు. ఉన్న సరుకును వచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. నలుగురు పనివాళ్ళకు కంపెనీ నాలుగు నెలల జీతం బాకీ ఉంది, మొత్తం ఏడువేల నాలుగు వందలు. దాన్ని ఆ అమ్మకంలోంచే తీసుకోవాలి. చాలకపోతే అంతే సంగతులు. మిగిలితే మద్రాసుకు పంపాలి.

స్వామి కాక అక్కడ ఇద్దరు గుమాస్తాలు, ఒక వాచ్‌మన్ ఉన్నారు. వాచ్‌మన్ కూతురికి శ్రావణంలో పెళ్ళి.

“ఇట్లా అమ్మితే మూడువేలు కూడా రావు స్వామీ” అన్నాను.

“ఆయన అరవై అన్నాడు కదమ్మా. వచ్చిన ధర అంటే అదే కదా.”

అంటే ఆయన దృష్టిలో అదీ ఒకే మాటే. ఇన్నాళ్ళూ కంపెనీ చెప్పే మాట, ఇప్పుడు కొనేవాడు చెప్పే మాట. రెండు మాటలుండవచ్చని ఆయనకు తోచలేదు. మంచి సంగీతం వచ్చిన మనిషి పక్కన కూర్చుని ఎవరో అపస్వరం పాడితే ఎట్లా ఉంటుందో నాకు అట్లా ఉంది. దానికి తోడు అంతకుముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా చిన్నాయన, ఒక్కమాటంగడి సరుకంతా గుత్తంగా మూడు వేలకు ఎత్తుతానని, ఇంకో ఇద్దరిని కలుపుకుంటున్నానని చెప్పి ఉన్నాడు. కాబట్టి నేను ఎవరికి ఏం నేర్పబోతున్నానో, ఎవరి మీద నేర్పబోతున్నానో తెలిసే నేర్పాను. అమాయకంగా చేశానని చెప్పుకునే అవకాశం కూడా లేదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అంగడిలో ఈగలు కూడా ఉండవు. అదే మా బడి వేళ.

మొదటి పాఠం, అడిగిన వెంటనే జవాబు చెప్పకపోవడం. అది ఆయనకు బాగా వచ్చింది. స్వభావంచేతే నిదానస్తుడు. రెండో పాఠం నొచ్చుకోవడం. అది ఎంతకీ రాలేదు. నేను కొనేదాన్నై యాభై రూపాయల గడియారాన్ని పదికి అడిగితే ఆయన నొచ్చుకోవాలి కదా. “నేనెందుకు నొచ్చుకోవాలమ్మా? ఆయనకు అంతే స్తోమత ఉండాదేమో” అనేవాడు. మూడోది మెట్ల పాఠం. మొదటిసారి నేను లేవకముందే పిలిచాడు. రెండోసారి పిలవనే లేదు. నేను ఆఖరి మెట్టు మీద ఎండలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వీధిలో పోయే ఆడమనిషిని గట్టిగా పిలవడం మర్యాదేనా అని ఆలోచిస్తున్నాడట.

చివరకు ఆయన తన పద్ధతి తానే కనిపెట్టుకున్నాడు. నేను ఒక ధర చెప్పగానే, “ఉండండమ్మా, కంపెనీని అడిగి వస్తాను” అని పెద్ద బీరువా వెనక్కి వెళ్ళాడు. అక్కడ కంపెనీ ఏమీ లేదు, ఒక మంచినీళ్ళ కుండ ఉంది. రెండు నిమిషాలు నిలబడి వచ్చి, “ఇంకో ఎనిమిది రూపాయలు వేయమంటున్నారు” అన్నాడు. నేను పడిపోయాను. అసలు నేనే ఆ ఎనిమిది వేసేసేదాన్ని. ఇది అబద్ధం కాదా స్వామీ అని అడిగితే ఆయన ఏమన్నాడంటే, “కంపెనీ అంటే ఇప్పుడు మేం నలుగురమే కదమ్మా. నన్ను నేను అడిగి వచ్చినాను.”

ఇక మిగిలింది కడపటి ధరలు కట్టడం. ప్రతి వస్తువుకూ ఇంతకంటే దిగకూడదని ఒక ధర. స్వామి పాత రిజిస్టర్లు తీశాడు, నేను బజారు ధరలు చెప్పాను. ఉన్నదంతా ఆ కడపటి ధరలకే పోయినా జీతాలకు కాస్త అటూ ఇటుగా సరిపోయేలా కట్టాం. కానీ నాలుగు వందల వస్తువులకు నాలుగు వందల ధరలు నలుగురు మనుషులు గుర్తుపెట్టుకోవడం ఎట్లా? చీటీ మీద అంకెల్లో రాస్తే కొనేవాడు చదువుతాడు.

దానికి మా వర్తకుల ఇళ్ళల్లో ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ఇంటికీ పది అక్షరాల గుట్టు మాట ఒకటుంటుంది, ఏ అక్షరమూ రెండుసార్లు రానిది. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. సరుకు అసలు ధరను ఆ అక్షరాల్లో చీటీ మూలన రాసుకుంటారు. కొనేవాడికి అది ఏదో గుర్తులా కనిపిస్తుంది, అంగడివాడికి ధర కనిపిస్తుంది. మా ఇంటి మాట ‘శ్రీవేంకటరమణుని కృప’. శ్రీ అంటే ఒకటి, వేం రెండు, క మూడు, ట నాలుగు, ర అయిదు, అలా పోయి చివరి ప సున్నా. మొదటి అక్షరం నుంచి వరసగా అంకెలు వేసుకోమని స్వామికి చెప్పాను. ఆయన ఆ మాట వినగానే కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. రెండు రోజులు కూర్చుని నాలుగు వందల చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తానే రాసి, మిగతా ముగ్గురికీ నేర్పాడు.

అంత తెలివైనదాన్ని, నాకు తట్టనిది ఒకటుంది. ఆ మాట నాకు మా నాయన నేర్పాడు. మా నాయనకు మా తాత నేర్పాడు. మా తాతకు ఇద్దరు కొడుకులు.

అమావాస్యకు బజారువీధి అంగళ్ళు మూసేస్తారు. ఆ నెల అమావాస్య నాడు పొద్దున తొమ్మిదికే మా చిన్నాయన ఇద్దరు వర్తకులను వెంటబెట్టుకుని ఒక్కమాటంగడికి వచ్చాడు. నేను తెలియనట్టు అద్దాల బీరువా దగ్గర దువ్వెనలు చూస్తూ నిలబడ్డాను. గుత్తంగా మూడు వేలన్నాడు. స్వామి బీరువా వెనక్కి వెళ్ళి వచ్చి, గుత్తం కుదరదంటున్నారు, విడివిడిగా అయితే చూడండి అన్నాడు. చిన్నాయన సరేనని ఒక టిఫిన్ క్యారియర్ ఎత్తి చీటీ తిప్పాడు.

తిప్పినవాడు అట్లాగే ఆగిపోయాడు. ఇంకో చీటీ తిప్పాడు. ఇంకోటి. తరువాత తలెత్తి సరిగ్గా నా వైపు చూశాడు. ఆయన మీసాలు నిదానంగా పక్కలకు జరిగాయి. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన ఘనకార్యం. శత్రువు చేతికి కోట తాళాలిచ్చి, ఏ తాళం ఏ తలుపుదో రాసి మరీ ఇచ్చాను.

చేసేదేమీ లేదు. దువ్వెన పట్టుకుని చూస్తున్నాను. క్యారియర్ చీటీ ధర అరవై. కింద మూలన ‘టర’ అని ఉంది. అంటే నలభై అయిదు. చిన్నాయన ఇరవై అయిదు నుంచి మొదలుపెట్టాడు. స్వామి యాభై ఎనిమిది నుంచి దిగాడు. బీరువా వెనక్కి ఒకసారి వెళ్ళి వచ్చాడు. చివరకు నలభై నాలుగుకు తెగింది. కడపటి ధర కంటే రూపాయి తక్కువ. చిన్నాయన ముఖంలో ఆ రూపాయి వెలిగింది. తరువాత గోడ గడియారాలు, రగ్గులు, పింగాణీ గిన్నెలు. ప్రతిదానికీ అదే తంతు, ప్రతిదీ రూపాయో రెండో తక్కువకు. ఆయనకు గిన్నెల సంగతి తెలుసు గానీ ఈ ఫ్యాన్సీ సరుకు ధరలు తెలియవు. అయితేనేం, ఒక్కమాటంగడి చీటీ అబద్ధం చెప్పదని జిల్లా అంతటికీ తెలుసు. అసలుకంటే తక్కువకు దొరుకుతోందన్న సంబరంలో కుప్ప పెరిగిపోతోంది. నాకు మాత్రం ఆ కుప్పలో పెరిగే ప్రతి వస్తువూ వాచ్‌మన్ ఇంటి పెళ్ళిలోంచి ఒక్కో విస్తరాకు తీసేసినట్టుంది.

ఆగలేక, దువ్వెన ధర అడిగే నెపంతో స్వామి దగ్గరికి వెళ్ళి గొణిగాను. “కడపటి ధర కంటే తక్కువకు ఇస్తా ఉండారు స్వామీ.”

“లేదే. పది ఎక్కువకే ఇస్తా ఉండాను” అన్నాడు ఆయన అంతే మెల్లగా.

“క్యారియర్ నలభై అయిదు కదా?”

“ముప్ఫై నాలుగమ్మా.”

‘టర’ ముప్ఫై నాలుగెట్లా అవుతుందని చూపులతోనే అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “శ్రీ అనేది లెక్కలోకి రాదు కదమ్మా. లెక్కకు ముందు రాసుకునేది అది. అందుకని దాన్ని సున్నాకు పెట్టినాను. ఒకటి వేం నుంచి మొదలు.”

ఏ కాగితం మీదైనా మొదట శ్రీ రాసి, ఆ తరువాతే పని మొదలుపెట్టే ఇంట్లో పుట్టినవాడు ఆయన. ఆ శ్రీని ఒకటో నంబరు చేసి వరసలో నిలబెట్టడం ఆయన చేత కాలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ పాపం చేస్తూనే ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. దాంతో ఆయన రాసిన ప్రతి అంకె మా చిన్నాయన కళ్ళకు ఒకటి ఎక్కువగా కనబడుతోంది. మూడు నాలుగవుతోంది, నాలుగు అయిదవుతోంది. ముప్ఫై నాలుగు నలభై అయిదవుతోంది. చిన్నాయన రూపాయి గెలిచానని మురిసిన ప్రతిచోటా స్వామికి పది మిగులుతోంది. పైగా చిన్నాయన నోరు తెరవడానికి లేదు. తెరిస్తే, పరాయి అంగడి గుట్టు చదువుతున్నానని ఒప్పుకోవాలి.

నాకు నవ్వాగలేదు. దగ్గు తెచ్చుకుని బీరువా వెనక కంపెనీ దగ్గరికి పరుగెత్తి, కుండలోంచి మూడు గ్లాసుల నీళ్ళు తాగాను.

తిరిగి వచ్చేసరికి కుప్ప నడుమెత్తు అయింది. లెక్కవేస్తే నాలుగు వేలు దాటింది. డబ్బు ఇంకా చేతులు మారలేదు. చిన్నాయన ఊపులో ఉండి, మూలనున్న పిల్లల తోపుడు బండిని బయటికి లాగాడు. నాలుగు చక్రాలు, నీలంరంగు గుడారం, వెనక పట్టుకుని తోయడానికి ఒక కమ్మీ. చిత్తూరులో చంటిబిడ్డను చంకనేసుకోకుండా బండిలో తోసుకుపోయే తల్లి ఎవరు? పదేళ్ళుగా అది అక్కడే ఉంది. చీటీ ధర నూట నలభై. మూలన ‘పమ’.

స్వామి లెక్కలో అది తొంభై అయిదు. ప తొమ్మిది, మ అయిదు. మా ఇంటి లెక్కలో ప సున్నా, మ ఆరు. అన్ని అంకెలూ ఒక్కటి ఎక్కువయ్యే ఆ వరసలో తొమ్మిది మాత్రం చివరికి పోయి సున్నాలో పడుతుంది. ఇంతవరకు తొమ్మిదులన్నీ వెనక స్థానంలో ఉండి తప్పించుకున్నాయి. ఇక్కడ ముందుకు వచ్చి కూర్చుంది.

చిన్నాయన చీటీని దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు.

“స్వామీ, దీన్ని ఆరు రూపాయలకిచ్చెయ్” అన్నాడు.

స్వామి మొదటిసారి నిజంగా నొచ్చుకున్నాడు. నేను పదకొండు రోజులు నేర్పినా రానిది ఆ ఒక్క మాటకు వచ్చింది. “ఆరేమిటప్పా? నూట ఇరవై అయిదుకు తక్కువ లేదు” అన్నాడు.

చిన్నాయన మళ్ళీ చీటీ చూశాడు. తల తిప్పి కుప్పలోని క్యారియర్ చీటీ చూశాడు. ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద కదలడం మొదలుపెట్టింది. ఆ వేలు సంగతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. రెండు నిమిషాలిస్తే అది ఎంతటి లెక్కనైనా విప్పేస్తుంది. విప్పితే కుప్ప మొత్తం కూలుతుంది, మాట మళ్ళీ మూడు వేల దగ్గరికి వస్తుంది.

“చిన్నాయనా, ఆ బండి నాది” అన్నాను ముందుకు వచ్చి. “నేను ముందే అడిగిపెట్టినాను. స్వామీ, నూట ఇరవై అయిదే కదా? బిల్లు రాయండి.”

చిన్నాయన వేలు కణుపు మీద ఆగిపోయింది. “నూట ఇరవై అయిదా?” అన్నాడు. “ఏంది పాపా, బేరం సెయ్యవా?”

“ఒక్కమాటంగడి కదా చిన్నాయనా.”

ఆయన పక్కనున్న వర్తకుల వైపు సిగ్గుగా చూశాడు. మా ఇంటి పిల్ల అడిగిన ధర ఇచ్చేస్తోంది, అదీ వాళ్ళ ముందు. నా ఒళ్ళు బాగుందా అని అడిగాడు. ఇంట్లో ఏమైనా గొడవా, అల్లుడు ఏమైనా అన్నాడా అని అడిగాడు. అంతా బాగుందన్నాను. నమ్మలేదు. పాపం, ఆ దిగులులో లెక్క పూర్తిగా మరిచిపోయాడు. నన్ను త్వరగా ఇంటికి చేర్చాలన్న తొందరలో నడుముకు కట్టిన సంచి విప్పి, కుప్పకు నాలుగువేల మూడువందల పది లెక్కపెట్టి ఇచ్చి, సరుకును రెండు రిక్షాలకెత్తించాడు. నేను ఖాళీ బండిని తోసుకుంటూ బజారువీధి పొడుగునా నడిచాను. పక్కనే చిన్నాయన, రోగిని తీసుకుపోతున్నట్టు. వీధి మొత్తం అరుగుల మీదికి వచ్చి చూసింది. మూడోదెప్పుడు అని గుడ్డలంగడాయన పెళ్ళాం అడిగింది.

మా ఇంటాయన ఆ సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, నాతో చెప్పకుండా నువ్వేమైనా నిర్ణయించావా అని అడిగాడు. లేదన్నాక స్థిమితపడి, కాఫీ ఇమ్మన్నాడు.

చిన్నాయన ఆ సరుకును ఏడాదిపాటు అమ్మాడు. తిరునాళ్ళలో పెట్టాడు, పలమనేరు చలికి రగ్గులు పంపాడు. అన్నీ పోయాక ఒకరోజు మా ఇంటికి వచ్చి, భోజనం చేసి, వక్కపొడి నోట్లో వేసుకుంటూ నింపాదిగా అడిగాడు.

“మీ స్వామి శ్రీని యాడ పెట్టినాడు పాపా?”

“సున్నాకు చిన్నాయనా.”

“అనుకుంటి” అన్నాడు. కాసేపు వక్కపొడి నమిలాడు. “వాడు సేసిందే సరి. మనం తప్పు పెట్టుకున్న్యాం.” తరువాత ఆయన నవ్వడం మొదలుపెడితే, ఎదురింట్లోంచి మా చిన్నమ్మ ఏమైందోనని వచ్చింది.

నేను బండి కొన్న ఆ నెలాఖరున ఒక్కమాటంగడిలో చివరి లెక్క చూశారు. పావువంతు సరుకు అమ్ముడుపోలేదు, దాన్ని కంపెనీ లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. చిన్నాయన కుప్ప నాలుగువేల మూడువందల పది. ముందూ వెనకా విడిగా అమ్మినవి మూడువేల నూట అరవై అయిదు. నా బండి నూట ఇరవై అయిదు. మొత్తం ఏడువేల ఆరు వందలు. నాలుగు నెలల జీతాలు ఏడువేల నాలుగు వందలు నలుగురూ సంతకాలు పెట్టి తీసుకున్నారు. వాచ్‌మన్ తన వాటాను రెండుసార్లు లెక్కపెట్టుకుని, మూడోసారి నన్ను లెక్కపెట్టమన్నాడు. కరెంటు బిల్లు ముప్ఫై ఎనిమిది పోగా మిగిలిన నూట అరవై రెండు స్వామి మద్రాసుకు మనియార్డరు కట్టాడు. కమీషను తన జేబులోంచి వేసుకున్నాడు. వద్దన్నా వినలేదు.

నా లెక్క కూడా చెప్పాలి. చిన్నాయనకు ఆ సరుకు మీద ఖర్చులు పోను పదకొండు వందలు మిగిలాయని ఆయనే చెప్పాడు, కాబట్టి ఆయన్ను ఈ బాకీలోంచి తీసేస్తున్నాను. మిగిలింది నేను. బండికి ఇచ్చింది నూట ఇరవై అయిదు. ఆరేళ్ళు దాంట్లో రేషను బియ్యం, బెల్లం దిమ్మలు, ఊరగాయకు మామిడికాయల బుట్టలు తోశాను. రిక్షా కూలి ఎంత లేదన్నా నలభై మిగిలి ఉంటుంది. చక్రం విరిగాక పాతసామాన్లవాడికి అరగంట బేరమాడి పద్దెనిమిదికి అమ్మాను. నికర నష్టం అరవై ఏడు రూపాయలు. అందులో ముప్ఫై, కడపటి ధర కంటే ఎక్కువ ఇచ్చినందుకు. అది ఇంటి గుట్టు మాటను బయట చెప్పినందుకు జరిమానా కింద నేనే రాసుకున్నాను. మిగతా ముప్ఫై ఏడు, బండి అరుగుదల.